తీగలోని కాలము

ధ్వనియంత్రముల చరిత్రను వ్రాయువారు సాధారణముగ యంత్రము యొక్క ముఖమును మాత్రమే చూతురు. 1877లో ఎడిసన్ తగరపు రేకుపై గీసిన గాడి మొదలుకొని గ్రామఫోను, టేపు, కాంపాక్ట్ డిస్కు వఱకు శబ్దమెట్లు బాగుపడుచు వచ్చినదో వర్ణింతురు. యంత్రమును త్రిప్పి దాని వీపును చూచువారు అరుదు. అయినను గత నాలుగు దశాబ్దములలో శ్రోతకును, యంత్రమును చేసినవానికిని నడుమ గల సంబంధము మారినది ఆ వీపు మీదనే. అచ్చటి చిన్న చిన్న సాకెట్టులలో ఏ తీగను దేనిలో పెట్టవలెను, పెట్టిన పిదప అది పనిచేయునా, పనిచేయనిచో ఎవరి ఉత్తర్వుకొఱకు వేచియుండవలెను అను ప్రశ్నలకు ఒక చరిత్ర కలదు. లక్షలు వెచ్చించి యంత్రమును కొనినవాడును, నెలజీతములో పొదుపుచేసి చిన్నది కొనినవాడును ఈ విషయమున సమానులే.

గ్రామఫోను కాలమున ఈ ప్రశ్న పుట్టలేదు. పెట్టె ఇంటికి వచ్చిననాడు ఎట్లుండెనో పదియేండ్లకును అట్లే యుండెను. ముల్లు అరిగినచో ముల్లు మార్చుకొనిరి. స్ప్రింగు తెగినచో మరమ్మతు చేయించుకొనిరి. ఆంప్లిఫయరు వచ్చిన తరువాతను తీగలో ప్రవహించునది శబ్దమునకు ప్రతిరూపమైన విద్యుత్తే గనుక, ఒక దేశపు రికార్డుప్లేయరును మరియొక దేశపు ఆంప్లిఫయరుకు తగిలించినను పాట వినబడెడిది. బాగుగనో ఓగుగనో వినబడెడిది. అసలు వినబడకపోవుట యనునది తీగ తెగినప్పటి మాట.

డిజిటల్ విధానముతో స్థితి మారెను. ఇందు శబ్దతరంగము యొక్క ఎత్తును క్షణక్షణమునకు కొలిచి అంకెలుగ వ్రాసికొందురు. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించి, 1982 అక్టోబరు 1వ తేదీన జపానులో అమ్మకమునకు పెట్టిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 కొలతలు, ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, కుడియెడమలకు వేర్వేరుగ ఉండును. ఈ 44,100 అను సంఖ్య సంగీతశాస్త్రమునుండి పుట్టినది కాదు. మనుష్యుని చెవి సుమారు 20,000 కంపనముల వఱకు గ్రహింపగలదు గనుక దానికి రెట్టింపునకు మించి కొలువవలెనని సిద్ధాంతము చెప్పును. అంతకుమించి అది ఏ సంఖ్యను శాసింపదు. ఆనాడు ఇన్ని అంకెలను భద్రపరచుటకు తగిన సాధనము టెలివిజను బొమ్మలను నింపు వీడియో టేపు ఒక్కటే. సెకనుకు 60 తెరలు, తెరకు ఉపయోగింపదగిన 245 గీతలు, గీతకు 3 కొలతలు: హెచ్చవేసిన 44,100 వచ్చును. ఐరోపా పద్ధతిలో 50 తెరలు, 294 గీతలు, 3 కొలతలు. దానికిని 44,100 వచ్చును. సంగీతమునకు కొలబద్దను టెలివిజను ఇచ్చినదన్నమాట. ఒకని అవసరమునకై పుట్టిన ఏర్పాటు మరియొకనికి శాశ్వతనియమమగుట ఈ చరిత్రలో ఇది మొదటిసారి, కడపటిసారి కాదు.

అంకెలు ఉన్నంతమాత్రమున సంగీతము రాదు. ఆ అంకెలను సరియైన క్షణమున తిరిగి విద్యుత్తుగ మార్చవలెను. ఈ పనిచేయు భాగమును డి.ఎ.సి. అందురు. దానికి కావలసినవి రెండు: అంకె, దానిని పలుకవలసిన క్షణము. కచేరీలో స్వరము తప్పక పాడినను తాళము తప్పినచో పాట చెడినట్లే, అంకె సరిగనుండి క్షణము తొట్రుపడినచో శబ్దము చెడును. ఈ తొట్రుపాటునకు జిట్టర్ అని పేరు. అది సెకనులో వందకోట్లవ వంతు, అంతకంటె తక్కువ పరిమాణములలో లెక్కింపదగినది. కనుక యంత్రములో ఒక గడియారము ఉండక తప్పదు. ప్లేయరు, డి.ఎ.సి. ఒకే పెట్టెలోనున్నంతకాలము ఒకే గడియారము ఇద్దరిని నడిపెను. 1980వ దశకపు ఉత్తరార్ధమున శ్రేష్ఠమైన ధ్వనిని కోరువారు ఈ రెండింటిని రెండు పెట్టెలుగ విడదీసిరి. అప్పుడు గడియార మెవరి ఇంట నుండవలెనను తగవు మొదలయ్యెను.

ఆనాటికి రెండు ఏర్పాటులు సిద్ధముగ నుండెను. ఆడియో ఇంజనీరింగు సొసైటీయు ఐరోపా ప్రసారసంస్థల సమాఖ్యయు కలిసి 1985లో వృత్తి నిపుణులకొఱకు ఒక ప్రమాణమును ప్రకటించెను. సోనీ, ఫిలిప్స్ సంస్థల పేర్ల మొదటి అక్షరములతో ఎస్‌పిడిఫ్ అను గృహోపయోగ రూపము వెలసెను. రెండవది రెండు వేషములలో వచ్చెను. ఒకటి 75 ఓముల కోయాక్సియల్ తీగ. రెండవది తోషిబా సంస్థ 1983లో చేసిన టోస్‌లింక్, అనగా ఎర్రని వెలుగును ప్లాస్టిక్ తంతువు గుండ పంపునది. ఏ వేషములోనైనను లోపలి పద్ధతి ఒక్కటే. అంకెలును, వాని తాళమును ఒకే ప్రవాహములో కలిసి పోవును. పంపువాడు తాళము వేయును. పుచ్చుకొనువాడు ఆ ప్రవాహమునుండి తాళమును పసిగట్టి అనుసరించును. తీగ బాగుగ లేకున్నను, అంకెల తీరు మారినను ఆ పసిగట్టుటలో పొరపాటు వచ్చును. 1992లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆడియో ఇంజనీరింగు సొసైటీ సమావేశమున ఎసెక్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన మాల్కమ్ హాక్స్‌ఫర్డ్, క్రిస్ డన్ అనువారు ఈ సంధానమునందే లోపము కలదా అను ప్రశ్నను శీర్షికగ పెట్టి పత్రము చదివిరి. అంతవఱకు, అంకెలు అంకెలే గదా, తీగలలో భేదమేమి యని నవ్వినవారికి అది ఒక సమాధానము. తీగలకు వేలరూపాయలు గుంజుటకు వర్తకులకు దొరికిన సాకు గూడ అదే యని ఒప్పుకొనక తప్పదు.

ఇంతలో తీగలోనికి న్యాయశాస్త్రము ప్రవేశించెను. అంకెలను నకలు తీసిన నకలు అసలువలెనే యుండుటచే రికార్డు కంపెనీలు భయపడెను. 1992లో అమెరికా చేసిన చట్టము, గృహములలోని డిజిటల్ రికార్డరులు నకలుకు నకలు తీయకుండ ఆపు ఏర్పాటును తప్పనిసరి చేసెను. 1999లో సోనీ, ఫిలిప్స్ తెచ్చిన సూపర్ ఆడియో సి.డి.యందును, దాని ప్రత్యర్థియైన డి.వి.డి. ఆడియోయందును ఈ భయము పరాకాష్ఠ నందెను. ఆ డిస్కుల శ్రేష్ఠధ్వనిని సామాన్యమైన డిజిటల్ సాకెట్టునుండి బయటికి పోనీయలేదు. ప్లేయరునుండి ఆంప్లిఫయరుకు ఆరు పాతకాలపు అనలాగ్ తీగలను వరుసగ లాగుకొనవలసివచ్చెను. నూతన యుగపు డిస్కును కొనినవాడు వెనుకటి యుగపు తీగలతో దానిని వినెను! కొన్ని కంపెనీలు తమ యంత్రముల నడుమ మాత్రమే పనిచేయు సొంత సంధానములను కల్పించినవి. కొనువాడు పెట్టెను ఎంచుకొనుటకు బదులు కూటమిని ఎంచుకొనవలసిన స్థితి ఏర్పడెను.

ఈ చిక్కును తీర్చుటకు వచ్చినది 2002 డిసెంబరులో వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. అది ప్రధానముగ బొమ్మకొఱకు పుట్టినది. శబ్దము దానితో ప్రయాణముచేయు బంధువు. డి.వి.డి. ఆడియోకు 2004లోను, సూపర్ ఆడియో సి.డి.కి 2005లోను, బ్లూ-రే డిస్కులలోని సంపూర్ణధ్వనికి 2006లోను సంచికలు మారుచు చోటు లభించెను. అయితే ఇందు శబ్దపు తాళమును బొమ్మ గడియారమునుండి భిన్నగణితముతో తయారుచేసికొనవలెను. 44,100 సంఖ్యవలెనే ఇదియు టెలివిజను పెట్టిన భిక్ష. కావుననే ఉత్తమధ్వనిని కోరువారిలో పెక్కురు దీనిని ఇష్టపడక మరియొక ద్వారమువైపు చూచిరి. ఆ ద్వారము సంగీతముకొఱకు పుట్టినది కాదు, టెలివిజనుకొఱకును పుట్టినది కాదు. కీబోర్డు, ప్రింటరు తగిలించుకొనుటకు పుట్టినది.

యు.ఎస్.బి. అను ఆ సంధానమును ఇంటెల్ సంస్థలో తీర్చిదిద్దినవారిలో ప్రముఖుడు అజయ్ భట్. బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివిన భారతీయుడు. 1996లో దాని మొదటి సంచిక వెలువడెను. 1998లో శబ్దయంత్రములకు ప్రత్యేకముగ ఒక నియమావళి వ్రాయబడెను. ఆ నియమావళిలో మూడు విధములైన తాళపద్ధతులు చెప్పబడినవి. వానిలో ఒకటి, కంప్యూటరు తాళము వేయకుండ, పుచ్చుకొను డి.ఎ.సి.యే తన గడియారమును తానుంచుకొని, ఇంత వేగముగ పంపుము, కొంచెము నెమ్మదిగ పంపుము అని కంప్యూటరునకు చెప్పుట. అసింక్రనస్ అని దానికి పేరు. మృదంగగాడు గాయకుని వెంటబడుటకు బదులు గాయకుడే మృదంగము వెంట నడచునట్టి ఏర్పాటు. 1992 నాటి ప్రశ్నకు సమాధానము 1998లోనే కాగితముపై ఉండెను. ఆచరణలో మాత్రము తొలి యు.ఎస్.బి. డి.ఎ.సి.లు కంప్యూటరు వెంటబడు సులభపద్ధతినే అవలంబించినవి. చవుకగ దొరకు చిప్పులు అట్టివే.

అమెరికాలో వేవ్‌లెంగ్త్ ఆడియో అను చిన్న సంస్థను నడపు గోర్డన్ రాంకిన్, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఒక చిప్పునకు తానే ఫర్మ్‌వేర్ వ్రాసి ఈ అసింక్రనస్ పద్ధతిని ఆచరణలోనికి తెచ్చెను. ఫర్మ్‌వేర్ అనగా యంత్రము లోపల శాశ్వతముగ నిలిచి దానికి ప్రవర్తన నేర్పు ఆజ్ఞావళి. చిప్పు అందరికిని దొరకునదే, భేదమంతయు ఆ ఆజ్ఞావళిలోనిదే యని గమనింపవలెను. కొలరాడో రాష్ట్రమున బౌల్డర్ పట్టణమునందలి ఎయిర్ సంస్థ రాంకిన్ పద్ధతిని అనుమతితో గ్రహించి 2009లో క్యూబీ-9 అను డి.ఎ.సి.ని విడుదలచేసెను. అది 24 బిట్ల, 96,000 కొలతల వఱకే పలుకగలిగెను. పై మెట్టు 1,92,000. అచ్చటికి ఎక్కుటకు మొదటి నియమావళి చాలదు. పాత యు.ఎస్.బి.లో ఒక ధారకు మిల్లీసెకనుకు 1023 బైట్లకు మించి కేటాయింపరాదు. 96,000 కొలతలకు కావలసినది 576 బైట్లు. 1,92,000కు కావలసినది 1152. నూటయిరువదితొమ్మిది బైట్ల కొరత!

ఈ కొరతను తీర్చు రెండవ నియమావళి 2006 మే నెలలోనే ప్రకటింపబడినది. ఒక శాఖ జారీచేసిన ఉత్తర్వు మరియొక శాఖలో అమలునకు వచ్చుటకు ఎంతకాలము పట్టునో ఎరిగినవారికి దీని తరువాతి కథ వింతగ తోపదు. ఆపిల్ సంస్థ తన కంప్యూటరులలో 2010లో దానిని చేర్చెను. లినక్సు వారును సుమారు అదే కాలమున చేర్చిరి. ప్రపంచమున అత్యధికసంఖ్యాకుల బల్లపై నున్న విండోసులో మాత్రము అది లేదు. 2007లో విస్టా వచ్చెను, 2009లో ఏడవ సంచిక, 2012లో ఎనిమిదవది, 2015లో పదవది వచ్చినవి. రెండవ నియమావళి దేనిలోను లేదు. 2017 ఏప్రిలులో పదవ సంచికకు వచ్చిన ఒక పెద్ద నవీకరణతో గాని అది చేరలేదు. ప్రకటనకును అమలునకును నడుమ పదునొకండేండ్లు గడచెను. ఆ నవీకరణ వచ్చునాటికి ఆ సంస్థ అధిపతి హైదరాబాదున పెరిగిన తెలుగువాడు సత్య నాదెళ్ల. ఆయనను మనవాడని సభలలో చెప్పుకొనువారెవరును ఈ చిన్న డ్రైవరును పేర్కొనరు. పేర్కొనుటకు అది అంత ఘనకార్యమును గాదు. అయినను విండోసుతో పాటలు వినువారికి ఆనాడు ఒక పెద్ద కష్టము తొలగినది.

ఆ పదునొకండేండ్లును శ్రోతలేమి చేసిరి? ప్రతి నిర్మాతయు తన యంత్రమునకు వేరుగ ఒక డ్రైవరును వ్రాయించెను. పెక్కురు దానిని జర్మనీకి చెందిన తెసికాన్ సంస్థనుండి రుసుము చెల్లించి తెచ్చుకొనిరి. కొందరు యంత్రము వెనుక ఒక మీటను పెట్టి, ఇటు త్రిప్పిన మొదటి నియమావళి, అటు త్రిప్పిన రెండవది అనిరి. విండోసు సంచిక మారినప్పుడెల్ల పాత డ్రైవరు పనిచేయునో లేదో యను సంశయము. నిర్మాత బ్రతికియున్నచో క్రొత్తది వ్రాయును, నెమ్మదిగనైన వ్రాయును. వ్యాపారము మూసివేసినచో, లోపలి భాగములన్నియు చెక్కుచెదరకున్నను ఆ ద్వారము మూతపడినట్లే. కోయాక్సియల్ సాకెట్టు గూడ ఉన్న డి.ఎ.సి.ని కొనినవాడు అట్టి వేళ దానిని ఆశ్రయించెను. యు.ఎస్.బి. ఒక్కటే యున్నది కొనినవానికి ఆ దారియు లేదు. వెనుకవైపున ఒక సాకెట్టు ఎక్కువ యుండుట ఎంత విలువైనదో కొనునాడు అంగడిలో ఎవ్వరును చెప్పరు.

నిరీక్షణమునుండి పుట్టిన యుక్తి ఒకటి ఇచ్చట చెప్పదగినది. సూపర్ ఆడియో సి.డి.లోని ధ్వని పదునారు బిట్ల కొలతల వరుస కాదు. సెకనుకు 28,22,400 ఒంటి బిట్ల ధార. దీనిని యథాతథముగ పంపుటకు కంప్యూటరులలో దారి లేకుండెను. 2011, 2012 ప్రాంతములలో కొందరు ఇంజనీర్లు కలిసి బహిరంగముగ ఒక ఒడంబడిక చేసికొనిరి. 24 బిట్ల కవరును తీసికొని, పై ఎనిమిది బిట్లలో ఒక గుర్తు వ్రాసి, క్రింది పదునారింటిలో ఈ ఒంటి బిట్లను నింపిరి. సెకనుకు 1,76,400 కవరులు పంపిన, 16తో హెచ్చవేయగ సరిగ 28,22,400 అగును. కంప్యూటరు అది మామూలు సంగీతమే యని తలంచి పంపును. గుర్తు తెలిసిన డి.ఎ.సి. విప్పి చదువును. పేటెంటు లేదు, రుసుము లేదు. పెద్ద సంస్థల నవీకరణకై ఎదురుచూడక చిన్నవారు చేసికొనిన ఈ ఏర్పాటు నేటికిని వాడుకలో ఉన్నది.

ఫర్మ్‌వేరును మార్చవచ్చునను సౌకర్యము అన్నివేళల దుఃఖమే కలిగించెననుట న్యాయము కాదు. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 ఆటలపెట్టెయే యైనను బ్లూ-రే డిస్కులకు మంచి ప్లేయరుగ పేరు పొందెను. డి.టి.ఎస్. వారి సంపూర్ణధ్వనిని విప్పు శక్తి మొదట దానికి లేదు. 2008 ఏప్రిలులో వచ్చిన నవీకరణతో ఆ శక్తి ఉచితముగ లభించెను. బౌల్డరులోనే గల పి.ఎస్. ఆడియో సంస్థ 2014లో విడుదలచేసిన డైరెక్ట్‌స్ట్రీమ్ డి.ఎ.సి.లో సిద్ధముగ కొనిన డి.ఎ.సి. చిప్పునకు మారుగ, ఎప్పటికప్పుడు క్రొత్తగ అమర్చుకొనదగిన తర్కద్వారముల చిప్పు ఉండెను. టెడ్ స్మిత్ రచించిన ఒక్కొక్క క్రొత్త ఆజ్ఞావళికి కొలరాడో పర్వతశిఖరముల పేర్లు పెట్టిరి: యేల్, టోరీస్, స్నోమాస్, విండమ్. కొనినవారు మెమరీకార్డులో దానిని నింపి యంత్రమునకు ఎక్కించి, పాత పాటనే క్రొత్తగ వినిరి. ఒకే పెట్టె ఏండ్ల తరబడి స్వరము మార్చుకొనుచు పోవుట గ్రామఫోను కాలమున ఊహకైనను అందనిది.

కాని ఇచ్చు చేయియే తీసికొనగలదు. అదే ప్లేస్టేషన్‌కు 2010 ఏప్రిలులో వచ్చిన నవీకరణ, అంతవఱకు అందున్న లినక్సు నడుపు సౌకర్యమును తొలగించెను. నవీకరణను నిరాకరించినవారికి నెట్‌వర్కు సేవ అందదని షరతు. ఆ వ్యాజ్యము అమెరికా న్యాయస్థానములలో నడచి 2016లో రాజీకి వచ్చెను. పెట్టెపై ముద్రించిన గుణమును అమ్మిన పిదప ఉపసంహరింపవచ్చునా యను ప్రశ్నకు తీర్పు మాత్రము రాలేదు.

శబ్దప్రపంచమున ఇట్టి ఆశాభంగమునకు పెద్ద నిదర్శనము ఎం.క్యూ.ఎ. మెరిడియన్ సంస్థ స్థాపకులలో ఒకడైన బాబ్ స్టువర్ట్ 2014 డిసెంబరులో ప్రకటించిన పద్ధతి ఇది. శ్రేష్ఠధ్వనిని చిన్న పరిమాణములో మడతపెట్టి పంపి, అనుమతి గల డి.ఎ.సి.లో విప్పవలెను. 2017 జనవరిలో టైడల్ సంగీతసేవ దానిని స్వీకరించెను. అప్పటినుండి, తమ యంత్రమునకు ఎం.క్యూ.ఎ. నవీకరణ ఎప్పుడు వచ్చునని శ్రోతలు నిర్మాతలను అడుగుట మొదలిడిరి. కొందరు నిర్మాతలు ఇచ్చిరి, కొందరు ఆలస్యముగ ఇచ్చిరి, స్కాట్లండుకు చెందిన లిన్ వంటి సంస్థలు ఇది సంగీతమునకు సుంకపు గేటు వంటిదని బాహాటముగ ఎదిరించెను. శ్రోతలలో రెండు పక్షములు ఏర్పడి సంవత్సరముల తరబడి వాదించుకొనిరి. 2023 ఏప్రిలులో ఎం.క్యూ.ఎ. సంస్థ ఋణభారమున న్యాయనిర్వాహకుల చేతికి పోయెను. ఆ సంవత్సరమే కెనడాకు చెందిన లెన్‌బ్రూక్ దాని ఆస్తులను కొనెను. 2024 జూలైలో టైడల్ ఆ పద్ధతిని విడనాడెను. ఆ గుణముకొఱకే పాత డి.ఎ.సి.ని అమ్మి క్రొత్తది కొనినవారికి మిగిలినది యంత్రము ముఖమున వెలుగని ఒక చిన్న దీపము.

కొన్ని తప్పులను నవీకరణ దిద్దనే లేదు. 2017లో ప్రకటింపబడిన హెచ్.డి.ఎం.ఐ. 2.1 సంచికతో 2020లో మార్కెట్టునకు వచ్చిన కొన్ని ఖరీదైన రిసీవరులలో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుండి సెకనుకు 120 తెరల బొమ్మ పంపిన తెర నల్లబడెను. ఆ సంగతిని ఆ యేడు అక్టోబరులో జర్మనీలోని ఒక సాంకేతిక పత్రిక బయటపెట్టెను. ఫర్మ్‌వేరుతో సర్దుకొనునని మొదట ఆశపడిరి. దోషము చిప్పులోనే యున్నదని తేలెను. 2021లో నిర్మాతలలో ఒకరు బయట తగిలించుకొనుటకు ఒక చిన్న పెట్టెను పంపిరి. మరియొకరు లోపలి పలకనే మార్చి యిచ్చిరి. ఆ నడుమ కాలమున పలువురు బొమ్మ తీగను నేరుగ టెలివిజనుకు తగిలించి, శబ్దమును మాత్రము వేరొక తీగతో వెనుకకు తెచ్చుకొనిరి.

ఈ చరిత్రలో అన్నిటికంటె తక్కువ వాగ్దానము చేసినవి 1980వ దశకపు ఆ రెండు సాకెట్టులే. అవి సూపర్ ఆడియో డిస్కును మోయుటకు పుట్టలేదు. వాని తాళములో తొట్రుపాటు ఉన్నదని నలువది సంవత్సరములుగ ఇంజనీర్లు చెప్పుచునే యున్నారు. ఆ తొట్రుపాటును నేటి డి.ఎ.సి.లు పుచ్చుకొను చోటనే అంకెలను కొంతసేపు నిలువచేసి, తమ సొంత గడియారముతో తిరిగి పలికి చాలవఱకు తుడిచివేయుచున్నవి. 1982 నాటి డిస్కును నేటి ప్లేయరులో పెట్టి, దానినుండి ఒక కోయాక్సియల్ తీగను ఆ దశకపు చివర చేసిన డి.ఎ.సి.కి తగిలించిన, డ్రైవరు లేకయే, నవీకరణ లేకయే పాట వచ్చును. టోస్‌లింక్ సాకెట్టు నేటి టెలివిజనులలో పెక్కింటి వీపున ఇంకను కలదు. చీకటిలో ఆ తీగ రెండవ కొసను చూచిన చిన్న ఎర్రని వెలుగు కనబడును.